ఆలస్యానికి కారణం: కంట్రోలర్

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్న రాయ్‌పూర్‌లో నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే అమ్మ ఫోన్ చేసింది. “పెదనాన్న పోనారే” అంది. ఏ పెదనాన్న అని నేను అడగలేదు. నాన్నకి సొంత అన్నలు ఇద్దరున్నారు గానీ, మా ఇంట్లో ఉత్తినే పెదనాన్న అంటే ఒక్కరే. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్‌లో చాలాకాలం ఉండి, రిటైరయ్యాక ఆ ఊళ్ళోనే తోర్వా పేటలో చిన్న ఇల్లు కట్టుకున్న సెక్షన్ కంట్రోలర్ ఆయన. మాకూ వాళ్ళకీ చుట్టరికం ఏమీ లేదు. శ్రీకాకుళం వైపు పక్కపక్క ఊళ్ళవాళ్ళం, అంతే.

మన తెలుగు సంఘం పత్రికకి నాలుగు మాటలు రాయమన్నారు. నా తెలుగు రాత అంతంతమాత్రం, అమ్మ పక్కన కూర్చుని దిద్దుతోంది. హిందీలో అయితే గంటలో అయిపోయేది. పెదనాన్న ఒప్పుకునేవారు కాదు.

రైల్వే తెలియనివాళ్ళ కోసం చెప్తాను. బండి నడిపేది మా నాన్నలాంటి డ్రైవర్లయినా, ఏ బండి ఎక్కడ ఆగాలో, దేన్ని ముందు వదలాలో చెప్పేది కంట్రోలర్. ఆయన ముందు బల్లంత కాగితం ఉంటుంది. ఎడమ పక్కన స్టేషన్ల పేర్లు, పైన గంటలు. ఒక్కో బండికి ఒక్కో పెన్సిల్ గీత. బండి నడుస్తున్నంతసేపూ గీత ఏటవాలుగా సాగుతుంది, ఆగితే అడ్డంగా పడుకుంటుంది. ఎందుకు ఆగిందో, ఎవరివల్ల ఆగిందో ఆ అడ్డగీత మీద రాయాలి. డ్యూటీ మారేటప్పుడు దిగిపోయే కంట్రోలర్ చార్జి ఇచ్చానని సంతకం పెడతాడు, వచ్చినవాడు తీసుకున్నానని పెడతాడు. ఆ రెండో సంతకం పడేదాకా మొదటివాడు కుర్చీలోంచి లేవకూడదు. పెదనాన్న సర్వీసు చివరికి ఇదంతా కంప్యూటర్‌లోకి వెళ్ళిపోయింది. ఆయన మాత్రం పక్కన కాగితం పెట్టుకుని గీస్తూనే ఉన్నారట.

ఆ ఉద్యోగం ఇంటికి కూడా వచ్చేది. కంట్రోల్ ఫోన్‌లో విన్న ప్రతి మాటా తిరిగి చెప్పించుకోవడం అలవాటు కదా, పెద్దమ్మ బజారుకి పంపినా అదే వరస. “చింతపండు పావుకిలో, కొత్తిమీర రెండు కట్టలు. సరేనా? నువ్వోసారి చెప్పు.” పెద్దమ్మకి ఒళ్ళు మండిపోయేది. “చెప్పింది నానే గదండీ, మళ్ళీ నానేటి చెప్పడం” అనేది. చెప్పకపోతే ఆయన మోపెడ్ కదిలేది కాదు.

నేను పన్నెండో తరగతి అయిన ఏడాది సంగతి ఇది. మా కాలనీలో ఏ ఇంట్లో అడిగినా పిల్లలకి కావలసింది కంప్యూటర్ సైన్సే. మా ఊరి కాలేజీలో ఆ సీట్లు ఒక స్లీపర్ బోగీ బెర్తులపాటి కూడా లేవు. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ మొదటి విడతలో నాకు సివిల్ వచ్చింది. కంప్యూటర్ తెర మీద మూడు గడులున్నాయి. ఈ సీటే చాలు, ఇంక మార్పు వద్దు అని ఒకటి. ఈ సీటు ఉంచుకుని, పైది ఖాళీ అయితే ఇమ్మని రెండోది. అసలే వద్దని మూడోది. సాయంత్రం అయిదుకి గడువు. నాన్న గూడ్సు బండి మీదున్నారు, డ్యూటీలో ఫోన్ తియ్యరు. అమ్మ పెదనాన్నని పిలిచింది.

ఆయన అద్దాలు తుడుచుకుని తెర అంతా చదివారు. రెండో గడి నొక్కుతానన్నాను.

“ఒద్దమ్మలూ” అన్నారు. “లైను ఖాళీ దొరికింది, బండి లోపలికి తీసీసుకో. మంచి లైను ఇస్తారని ఔటర్‌లో నిలబెట్టేవనుకో, ఉన్నదీ పోద్ది. ఎన్ని చూసేను.”

సర్వీసంతా ఆయన చేసింది అదే. బయట నిలబడ్డ బండిని ముందు స్టేషన్‌లోకి లాగడం. రెండో గడి నొక్కినా చేతిలో సీటు పోదని ఆయన బుర్రకి ఎక్కలేదు. నాకూ భయం పట్టుకుంది. మొదటి గడి నొక్కాను.

రెండో విడత జాబితా వచ్చింది. నా వెనకాల ర్యాంకుకి, మా ఊళ్ళోనే లింగియాడీహ్ పేటలో ఉండే నా క్లాస్‌మేట్‌కి, అదే కాలేజీలో కంప్యూటర్ సైన్స్ వచ్చింది.

పెదనాన్న ఆ జాబితా ప్రింటు తీయించుకుని తనే మా ఇంటికి వచ్చారు. ఆ పేరు కింద పెన్సిల్‌తో గీత గీసి ఉంది. డ్యూటీ దిగి అన్నం తింటున్న నాన్న ముందు నిలబడి, “తమ్ముడూ, తప్పు నాది. పిల్లది సరిగ్గానే చెప్పింది, నానే ఆపేను” అన్నారు. నేను ఊరుకోలేదు. “పోయింది మీ బండి కాదు కదా పెదనాన్నా, మీకేం” అన్నాను. ఆ మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగానే ఉంది.

“నాది కాదమ్మా. అందుకే ఎక్కువ తప్పు” అన్నారాయన.

మర్నాడు సాయంత్రం చంకలో కాగితాల చుట్టతో వచ్చారు. పాత చార్టు కాగితం వెనక పక్క కొత్తగా గళ్ళు గీశారు. ఎడమ పక్కన స్టేషన్ల పేర్లకి బదులు ఒకటో సంవత్సరం, రెండో సంవత్సరం, అలా పైకి పోయి చివర ఉద్యోగం. నా పేరుతో ఒక గీత మొదలెట్టారు. మొదట్లోనే అడ్డంగా కొంచెం గీసి, దాని మీద రాశారు: ఆలస్యానికి కారణం, కంట్రోలర్.

“చెరపకు” అన్నారు. “ఆలీసం ఎవరిదో ఒప్పుకుంటే, దాన్ని తగ్గించుకొచ్చే పనీ ఆడిదే.”

ఆ తర్వాత నాలుగేళ్ళూ ఆదివారం సాయంత్రాలు ఆయనవే. ప్రోగ్రామింగ్ ఆయనకి రాదు, వచ్చినట్టు నటించలేదు కూడా. తనకి వచ్చిందే నేర్పారు. ఒకే లైను మీద ఎదురెదురుగా రెండు బళ్ళు, వెనక నుంచి మూడోది. ఎవరిని ఎక్కడ ఆపాలి? నేను వారం పొడుగునా ప్రోగ్రామింగ్ నేర్చుకుంటూ ఆ లెక్కని కంప్యూటర్‌తో చేయించడానికి కుస్తీ పట్టేదాన్ని. ఆదివారం నా ల్యాప్‌టాప్‌కీ ఆయన పెన్సిల్‌కీ పోటీ. ఒకసారి నా ప్రోగ్రాము బొగ్గు బండి కోసం ప్యాసింజర్‌ని గంటన్నర ఆపేసింది. పెదనాన్న కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. “అచ్ఛా, బాగానే లెక్కగట్టింది. మరి ఆ ప్యాసింజర్ పెట్టిలో పిల్లల తల్లి కూకుందని దానికి ఎవలు సెప్తారు? నువ్వే సెప్పాల.” ఆ రోజు నేర్చుకున్నంత ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు.

మా చదువులయ్యే ఏడాదికి సాఫ్ట్‌వేర్ కంపెనీలు కాలేజీకి రావడం దాదాపు మానేశాయి. సివిల్‌వాళ్ళ కోసం అసలే ఎవరూ రాలేదు. కంప్యూటర్ సైన్స్ చదివిన లింగియాడీహ్ అమ్మాయీ నేనూ ఇద్దరం ఇంట్లోనే కూర్చున్నాం. ఒక ఆదివారం అమ్మ టీ ఇస్తూ పెదనాన్నకి ఊరటగా ఉంటుందని, “చూసేరా బావగారూ, ఆ సీటొచ్చిన పిల్లకీ ఉద్యోగం నేదు. అంతా మన మంచికే” అంది.

ఆయన గ్లాసు కింద పెట్టేశారు. “ఆ పిల్లకి ఉద్యోగం రాకపోతే నా తప్పు ఒప్పయిపోద్దేటమ్మా? ఆ పిల్లని కూడా వచ్చే ఆదివారం రమ్మను.”

వచ్చింది. ఎనిమిది నెలలు ఇద్దరం కలిసి ఆయన దగ్గర గీతలు గీశాం. నా గీత అడ్డంగా పడుకుని ఉంటే దాని మీద ‘ముందు లైను ఖాళీ లేదు’ అని రాశారు. “ఇది నీవల్ల కాదు. రాసుకోపోతే నీవల్లే అనుకుంటావు” అన్నారు. ఆ మాట పట్టుకునే ఆ ఎనిమిది నెలలూ నెట్టుకొచ్చాను.

రాయ్‌పూర్‌లో ఒక చిన్న కంపెనీ ఉంది. గనుల నుంచి బొగ్గు ఎత్తే బళ్ళు ఎప్పుడు ఏ లైనులోకి రావాలో లెక్కగట్టే ప్రోగ్రాములు రాస్తుంది. ఇంటర్వ్యూలో ఏదో చిక్కు లెక్క ఇస్తే, నేను పెన్సిల్ అడిగి చార్టు గీశాను. అవతలాయన కుర్చీ నా పక్కకి జరుపుకున్నాడు. ఉద్యోగం వచ్చింది. ఏడాది తిరక్కుండా లింగియాడీహ్ అమ్మాయీ నా పక్క సీట్లోకి వచ్చింది.

నాకు ఉద్యోగం వచ్చిన రోజు ఆ కబురు చెప్పడానికి ఫోన్ చేస్తే పెదనాన్న యథాప్రకారం, “మళ్ళీ సెప్పు” అన్నారు. మళ్ళీ చెప్పాను. చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఆ రోజు నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని, ఆయన చేసిన ఆలస్యం ఎప్పుడో తీరిపోయిందని చెప్పాలి. ఎదురుగా కూర్చుని చెప్దామనుకున్నాను. ఇంటికి వచ్చిన ప్రతిసారీ వేరే కబుర్లలో పడిపోయాం.

ఆయన పోయిన పదో రోజు వాళ్ళింటికి వెళ్తే పెద్దమ్మ కాగితాల చుట్ట తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. “ఆస్పత్రికి ఎల్లే రోజు పొద్దున్న దీన్ని తీయించి ఏదో రాసేరే. నీకే ఇమ్మన్నారు.”

నా చార్టు అది. గీత ఉద్యోగం దగ్గర ఆగలేదు. కాగితం అయిపోతే దాని అంచుకి ఇంకో తెల్ల కాగితం అతికించారు. దాని మీద గంటల గళ్ళున్నాయి, ఎడమ పక్కన స్టేషన్ల పేర్లు మాత్రం రాయలేదు. మొదటి అడ్డగీత మీద ‘కంట్రోలర్’ అన్న మాట అలాగే ఉంది. చెరపాలని చెయ్యి వెళ్ళింది గానీ చెరపలేదు. రెండు కాగితాలూ కలిసిన చోట, వణికిన అక్షరాలతో ‘చార్జి ఇచ్చాను’ అని సంతకం, టైము. దాని పక్కన గడి ఖాళీ.

పెద్దమ్మని పెన్సిల్ అడిగాను. గూట్లో ఆయన చెక్కి పెట్టినవి మూడున్నాయి, ఒకటి తెచ్చి ఇచ్చింది. ‘చార్జి తీసుకున్నాను’ అని రాసి, పేరు రాసి, గోడ గడియారం చూసి టైము వేశాను. ఇంక మీరు లెగవొచ్చు పెదనాన్నా.