రెండు పూటల తీర్మానం

చరిత్ర శాఖ పెద్దసారు ఏ విషయాన్నైనా రెండుసార్లు తేల్చేవారు. ఒకసారి కడుపునిండా తిని, ఒకసారి కడుపు నకనకలాడుతున్నప్పుడు. రెండు తీర్మానాలూ కలిస్తేనే పని జరిగేది.

తప్పు ఆయనది కాదు, గ్రీకులది. పర్షియన్లు పెద్ద విషయాలను తాగి చర్చిస్తారనీ, మర్నాడు మత్తు దిగాక మళ్ళీ ఆలోచించి, అప్పుడూ నచ్చితేనే అమలు చేస్తారనీ గ్రీకు చరిత్రకారులు రాసిపెట్టారు. సారుకు మందు వాసన పడదు. అందుకని భోజనంతో సరిపెట్టుకున్నారు.

ఒకసారి భోంచేసి, గొడుగు కొనాలని తీర్మానించారు. ఆకలేసేలోగా వాన వెలిసింది. "చూశారా, పర్షియన్లు గొడుగు ఖర్చు తప్పించారు," అన్నారు, తడిసిన చొక్కా పిండుకుంటూ.

మంగలి అడిగాడు: "మీసం తీసెయ్యమంటారా సార్?"

"తీసెయ్. కాకపోతే నాకు ఆకలేసేదాకా ఆగు."

కొత్తగా చేరిన లెక్చరరమ్మాయికి ఇదంతా వట్టి చాదస్తంగా తోచేది. తనకు ఉద్యోగమిచ్చిన మనిషి కాబట్టి నవ్వు ఆపుకునేది. ఆమె చేరి ఇంకా నెల తిరగలేదు. ఒకరోజు క్లాసులో, పర్షియా సైన్యం దారిపొడవునా నదులకు నదులే తాగేసిందన్న గ్రీకుల ముచ్చట చెబుతోంది. వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు.

"అన్ని నీళ్ళు తాగినవాళ్ళు తర్వాత ఒంటికి ఎటు పోయారు మేడం?"

క్లాసు గొల్లుమంది. ఆమె పుస్తకం మూసేసింది. సరాసరి స్టాఫ్‌రూములో పెద్దసారు దగ్గరికొచ్చింది.

"ఈ ఉద్యోగం నావల్ల కాదు సార్. మానేస్తున్నా."

"పొద్దున్న ఏం తిన్నావమ్మా?"

"ఏమీ తినలేదు."

"అయితే ఇది సగం తీర్మానమే. పద మా ఇంటికి."

సారు భార్య ఇద్దరికీ వడ్డించింది. సంగతంతా విని సారు ముద్ద చేతిలోనే ఉంచుకుని ఆలోచనలో పడ్డారు.

"ఎటు పోయారో గ్రీకులు రాయలేదే. అంతమంది పోతే నదులు మళ్ళీ నిండి ఉండాలి."

ఆమెకు పొలమారింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"ఇప్పుడు చెప్పు. మానేస్తావా?"

"రేపు వాడికి ఈ జవాబు చెప్పకుండా ఎలా మానేస్తాను సార్?"

సారు చేయి కడుక్కోవడానికి లేచారు. ఆయన భార్య గొంతు తగ్గించింది.

"కోపంతో ఎవరొచ్చినా ఇంతేనమ్మా. పర్షియన్ల పేరు చెప్పి తిండి పెట్టి పంపిస్తారు. ఆ కాస్తలో కోపం దిగుతుందని."

"నన్ను ఉద్యోగంలోకి తీసుకోవడానికీ రెండు పూటలు పట్టిందా పిన్నిగారూ?"

"ఆ ఊసెత్తకు. నువ్వు ఇంటర్వ్యూ ముగించి గది గడప దాటకముందే సంతకం పెట్టేశారు. ఇంటికొచ్చి ఒకటే గొణుగుడు, పర్షియన్లకి ద్రోహం చేశానని."

ఆమె కంచం ముందుకు జరిపి, మారు అడిగింది.