రైల్లో ముఖం దాచుకున్న పెద్దావిడ

మా ఆయన ఉద్యోగం పోయిన నెలలో, వీసా సంగతి లాయర్‌ని అడుగుదామని, బాబుని ఒళ్ళో పెట్టుకుని నేపర్‌విల్ నుంచి షికాగో రైల్లో వెళ్తున్నాను. ఒక స్టేషన్‌లో ఎవరో నడివయసు స్త్రీ ఎక్కింది. నా పక్కనున్న పెద్దావిడ గబుక్కున పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని, ఆమె దాటిపోయాకే దించింది.

అలా దాక్కోవడం నాకు అలవాటే. "ఆమెకి బాకీ ఉన్నారా?" అని ఇంగ్లీషులో మెల్లగా అడిగాను.

పెద్దావిడ నవ్వింది. "నేను కాదమ్మాయ్, ఆమే నాకు బాకీ!"

"మరి మీరెందుకు దాక్కోవడం?"

"మేం యూదులం. మాలో మేం అప్పిచ్చుకుంటే వడ్డీ తీసుకోకూడదు. తీర్చలేని స్థితిలో ఉన్నారని తెలిస్తే ఎదురుపడనూ కూడదు. నేను కనబడితే చాలు, అడిగినట్టే కదా పాపం."

అంతలో నా ఫోన్ మోగింది. బాబు పుట్టినప్పుడు ఆస్పత్రి బిల్లుకి మాకు వడ్డీకి డబ్బిచ్చిన బాబాయ్. ఈ మధ్య రోజూ చేస్తున్నాడు.

"ఊరికే చేశానమ్మా. అల్లుడికి ఉద్యోగం దొరికిందా?"

"దొరుకుతుంది బాబాయ్" అన్నాను.

పెద్దావిడకి తెలుగు రాదు. అయినా నా గొంతు విని, మెల్లగా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.