మజ్జిగలో కలిపిన మందు

మా ఆయనకు ఒంట్లో ఏ నలతా లేదు. అయినా మందు ఆయన మింగాలి. మింగకపోతే నాకు బిడ్డ లేదు. ఈ సంగతి కట్టుకున్న మనిషితో చెప్పలేక ఆదోనిలో నేను పడ్డ అవస్థ ఇన్నేళ్ళయినా మనసులోంచి పోలేదు. ఇప్పుడైనా రాసి పెడదామని కూర్చున్నాను.

మాది ఎమ్మిగనూరు. నాన్న బడిపంతులు. మా వీధికి అటూ ఇటూ నేతగాళ్ళ ఇళ్ళు, మగ్గాల చప్పుడు వింటూ పెరిగాను. పదో తరగతితో చదువు ఆపి ఆదోనిలో ఒక పత్తి మిల్లు గుమాస్తాకు ఇచ్చి పెళ్ళి చేశారు. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చాను. మా అమ్మ మడి గురించి ఊళ్ళో గొప్పగా చెప్పుకునేవారు. ఆమె మడిచీర ఎవరి చెయ్యీ తగలని ఎత్తులో దండెం మీద ఆరేది. పురిటాలు ముట్టిన గుడ్డ మాత్రం మళ్ళీ ఇంట్లోకి రాకూడదు. ఎలాగూ పారేసేవే కదా అని నాకు ఇచ్చినవి మూలన పడి ఉన్న పాత పేలికలు, ఎలుకలు తిరిగినవి. అంత శుభ్రమైన ఇంట్లో అన్నిటికంటే మురికి గుడ్డ పురిటాలికి దక్కింది. మా అమ్మకు నేనంటే ప్రాణం, ఆ మాట కాదనను. కానీ ఆచారం దగ్గర ప్రాణం లెక్కలోకి రాలేదు.

బిడ్డ పురిట్లోనే పోయింది. నాకు చలిజ్వరం పట్టుకుంది. ఒళ్ళు కాలిపోతూ, దుప్పట్ల కింద వణుకుతూ, నేనూ పోతానని అందరూ ఆశ వదులుకున్నాక బతికాను. బతికి ఆదోనికి వచ్చాక అసలు బాధ మొదలైంది. పొత్తికడుపులో పోట్లు, ఆగని తెల్లబట్ట. ఏళ్ళు గడిచినా మళ్ళీ నెల తప్పలేదు. మా అత్త నన్ను మంత్రాలయం తీసుకుపోయి ప్రదక్షిణలు చేయించింది. వీధిలో సీమంతాలకు పిలవడం మానేశారు. పిలిచినా వెళ్ళేదాన్ని కాదు. కడుపుతో ఉన్న ఆడమనిషి ఎదురొస్తే నాకు ఏడుపు కాదు, కోపం వచ్చేది. ఆ కోపానికి నాకు నేనే భయపడేదాన్ని.

ఎమర్జెన్సీ రోజుల్లో కర్నూలు నుంచి ఒక డాక్టరమ్మ వారానికోసారి ఆదోని ఆస్పత్రికి రావడం మొదలుపెట్టింది. ఒక కాన్పయి ఆ తర్వాత ఆగిపోయిన ఆడవాళ్ళకు ఎందుకు ఆగిపోయిందో తెలుసుకోవాలని ఆమె పరిశోధన. ఆస్పరి వైపు పల్లెల నుంచి కూడా ఆడవాళ్ళు బస్సెక్కి వచ్చేవాళ్ళు. మమ్మల్ని కూర్చోబెట్టిన వరండా గోడ మీద కుటుంబ నియంత్రణ వాళ్ళ ఎర్ర త్రికోణం, ఇద్దరు లేక ముగ్గురు చాలని రాత. దేశమంతా పిల్లలు వద్దు మొర్రో అంటుంటే, ఒక్కరు కావాలని మేము ఆ బొమ్మ కిందే వరస కట్టి కూర్చునేవాళ్ళం. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

దూది చుట్టిన పుల్లతో లోపలి చెమ్మ తీసి, గాజు గొట్టంలో పెట్టి కర్నూలుకు పంపేవారు. నా గొట్టంలో ఏదో ఉందని తేలింది. డాక్టరమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఓపికగా చెప్పింది. ఈ ఇన్‌ఫెక్షన్ కాన్పునాడు వచ్చిందో మరోలా వచ్చిందో తనకు తెలియదట. ఎవరి నుంచి ఎవరికి అని ఇంట్లో పంచాయితీ పెట్టుకోవద్దని కూడా చెప్పింది. ఆ తర్వాత చెప్పిన మాటలు మాత్రం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"గర్భసంచికి రెండు పక్కలా సన్నని గొట్టాలుంటాయమ్మా. ఇది తిరగబెట్టిన ప్రతిసారీ అవి కొంత మూసుకుపోతాయి. మీ ఒక్కరికే మందిస్తే మీవారి నుంచి మళ్ళీ మీకే వస్తుంది. ఇద్దరూ వాడాలి. పూర్తిగా మూసుకుపోయాక వస్తే నేను చేయగలిగింది ఏమీ ఉండదు."

ఆడవాళ్ళకు సూదులూ మాత్రలూ వరండా పక్క గదిలోనే ఇచ్చేవారు. మగవాళ్ళు మాత్రం ఆస్పత్రి వెనకవైపు ఒక గదికి రావాలి. అక్కడ కాంపౌండరు వాళ్ళతో మాట్లాడి, మందు ఎలా వాడాలో చెప్పి చేతికిస్తాడు. ఆ గది మీద పెద్ద అక్షరాలతో బోర్డు ఉండేది: సుఖవ్యాధుల విభాగం. ఏ మహానుభావుడికి తట్టిన ఏర్పాటో గానీ, ఆదోనిలో పరువు గల ఏ మగాడు ఆ బోర్డు కింద అడుగు పెడతాడు? పైగా ఆ రోజుల్లో ఆస్పత్రికి పోయిన మగాడిని పట్టుకుని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి పంపుతారని బజారంతా పుకారు. మా వరండాలో కూర్చున్న ఆడవాళ్ళలో మొగుడిని వెంటబెట్టుకు వచ్చినదాన్ని నేను ఒక్కర్తెను కూడా చూడలేదు.

నేను ధైర్యం చేసి, డాక్టరమ్మ మిమ్మల్ని ఒకసారి ఆస్పత్రి వెనక గదికి రమ్మంది అన్నాను. నాకేమైందని, అన్నాడు ఆయన. మీకు జబ్బు ఉండవచ్చు అని మొగుడితో అనడానికి ఏ ఆడదానికి నోరు పెగులుతుంది? ఆయన చొక్కా వేసుకుని మిల్లుకు వెళ్ళిపోయాడు. నేను ఒక్కదాన్నే సూదులు వేయించుకున్నాను. కొన్నాళ్ళు నొప్పి తగ్గింది. మళ్ళీ వచ్చింది. డాక్టరమ్మ కోప్పడలేదు. మీవారు వాడలేదు కదూ అని అడిగి ఊరుకుంది. అప్పట్నుంచి ఏ పోటు వచ్చినా లోపల గొట్టం ఇంకాస్త మూసుకుపోతున్నట్టే అనిపించేది. వంట చేస్తూ పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయేదాన్ని.

రెండోసారి మందు మొదలుపెట్టేటప్పుడు ఆడవాళ్ళకు సూదులు వేసే నర్సు కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆదోని తురకల ఇంటి ఆడపడుచు ఆమె, మాట కటువు. మగవాళ్ళ మందు మగవాళ్ళ చేతికే ఇవ్వాలన్నది డాక్టరమ్మ పెట్టిన నియమం. మా ఆయన మిల్లు పని మీద ఊరికి పోతున్నాడని అబద్ధం చెప్పాను. నమ్మలేదని ఆమె ముఖంలోనే తెలిసింది. అయినా వెనకగదికి పోయి పొట్లం తెచ్చి నా కొంగులో వేసింది.

"ఎట్లన్నా చేసి మింగించు తల్లీ. దినానికి నాలుగు తూర్లు. ఒక్కటి గూడ తప్పరాదు," అంది.

అంతే చెప్పింది. వెనకాల వరస పెద్దగా ఉంది, తోసేశారు. కాంపౌండరు మగవాళ్ళకు ఇంకేం చెప్తాడో నాకు తెలియదు, అడగాలనీ తోచలేదు.

నారింజరంగు క్యాప్సూళ్ళు అవి. రెండు ముక్కలుగా ఊడదీస్తే లోపల పసుపుపచ్చని పొడి. నాలిక మీద పెట్టుకుని చూస్తే కుత్తుకదాకా చేదు. అన్నంలో కలిపితే పట్టుబడిపోతాను. ఆలోచించి ఆలోచించి, పొద్దునా సాయంత్రం కాఫీలో కలిపాను. మా ఇంట్లో కాఫీ మామూలుగానే చిక్కగా, చేదుగా ఉంటుంది. మధ్యాహ్నం, రాత్రి మజ్జిగలో. ఊరికే మజ్జిగ కాదు, అల్లం, కరివేపాకు, పసుపు వేసి తిరగవాత పెట్టిన మజ్జిగ. పొడి రంగు పసుపులో కలిసిపోయేది. ఇంగ్లీషు మందు వేడి చేస్తుందని మా వైపు అందరికీ తెలిసిందే, మజ్జిగ చలవ. మందూ దాని విరుగుడూ ఒకే గ్లాసులో ఇస్తున్నానని నా తెలివికి నేనే మురిసిపోయాను. మొగుడికి తిరగవాత మజ్జిగ చేసిపెట్టే కోడలు దొరికిందని మా అత్త పక్కింట్లో చెప్పుకుంది. నేను గ్లాసు ఖాళీ అయ్యేదాకా అక్కడే ఏదో సర్దుతున్నట్టు నిలబడేదాన్ని. కట్టుకున్నవాడికి దొంగతనంగా మందు పెట్టే ఆడది మంచి ఆడదా కాదా అని ఎన్నోసార్లు అనుకున్నాను. అనుకుంటూనే మళ్ళీ క్యాప్సూల్ ఊడదీసేదాన్ని.

పొట్లం అయిపోయింది. నా మందూ అయిపోయింది. డాక్టరమ్మ చెమ్మ తీసి పంపింది. ఏమీ లేదని వచ్చింది. ఆ రోజు బజారులో మల్లెపూలు కొనుక్కుని ఇంటికి వచ్చాను.

ఆ సంబరంలోనే ఎమ్మిగనూరుకు చెల్లెలి కాన్పుకు వెళ్ళాను. డాక్టరమ్మ వరండాలో అందరికీ చెప్పేది, పురిటి గుడ్డలు ఉడకబెట్టండి, ఎండలో ఆరేయండి, చీకటి మూలల్లో ఆరేసిన గుడ్డే చేటు తెస్తుందని. నేను మా అమ్మను అడగలేదు. ఉతికిన మెత్తటి నూలు గుడ్డలు పెద్ద బానలో వేసి తెర్లబెట్టి, ఎదురింటి నేతగాళ్ళు రంగు నూలు ఆరేసే కర్రల మీద, వీధి అందరికీ కనబడేలా ఆరేశాను. మా అమ్మకు తల కొట్టేసినట్టయింది. పురిటి గుడ్డలు నడివీధిలోనా అని ఏడ్చింది. నా బిడ్డ ఏదమ్మా అని అడిగాను. ఆ తర్వాత ఆమె వాటి జోలికి రాలేదు. చెల్లెలికి జ్వరం రాలేదు, బిడ్డ దక్కింది. ఆ బిడ్డకు స్నానం చేయిస్తుండగానే నా పొత్తికడుపులో పాత పోటు మళ్ళీ వచ్చింది.

ఆదోనికి వచ్చి చెమ్మ ఇస్తే గాజు గొట్టంలో మళ్ళీ అదే. డాక్టరమ్మకు అర్థం కాలేదు. ఈసారి మీవారు మందు పూర్తిగా వాడారా అని అడిగింది. వాడారు అన్నాను. ఆ మాట నిజమే కదా. నాకు మరోసారి మందిచ్చి, లోపల ఎలా ఉందో చూద్దామని కర్నూలు రమ్మంది. అక్కడ రంగు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. నొప్పికి పళ్ళు బిగబట్టుకున్నాను. నొప్పి నాకు లెక్క కాదు, రంగు గొట్టాల్లోంచి అవతలికి పోతే చాలు అని ఎవరెవరినో మొక్కుకున్నాను. సాయంత్రం ఆమె ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు పట్టి చూపించింది. మధ్యలో తెల్లటి త్రికోణం, రెండు పక్కలా రెండు చిన్న మొలకలు. అవి అక్కడే ఆగిపోయాయి.

నేను ఏడవలేదు. ఇంక దాచడానికి ఏముందని కాఫీ, మజ్జిగ సంగతి మొత్తం చెప్పేశాను. ఆమె ఎక్స్‌రేను బల్ల మీద పెట్టేసింది.

"ఆ మందు పాలతో, మజ్జిగతో కలిస్తే ఒంటికి పట్టదమ్మా. కడుపులోనే కట్టుబడి బయటికి పోతుంది. మగవాళ్ళ గదిలో మొదట చెప్పేది అదే," అంది.

మొదట చెప్పేది అదేనట, ఎవరూ రాని గదిలో. నాకు ఆ బోర్డును పెరికి పొయ్యిలో పెట్టాలనిపించింది. మూసుకుపోవడానికి ఇదే కారణమని చెప్పలేననీ, తొలి జ్వరంతోనే మూసుకుపోయి ఉండవచ్చనీ ఆమె అంది. ఓదార్పుకు అందో, నిజంగానే అందో. ఇక మీదట ఆడవాళ్ళకు కూడా పాల సంగతి చెప్పమని నర్సుకు అప్పుడే కబురు రాసింది. నాలాంటివాళ్ళు ఇంకెందరు మజ్జిగలో కలిపారో ఆమెకూ తెలియదు. బస్సులో దారిపొడుగునా, ఇంటికి పోయి మా ఆయనకు అంతా చెప్పేయాలి, దొంగమందు సంగతీ, పాల సంగతీ, ఏదీ దాచకూడదు అని గట్టిగా అనుకున్నాను.

మర్నాడు ఆదివారం. అత్త గుడికి వెళ్ళింది. ఆయనకు అన్నం వడ్డించి, గొట్టాలు మూసుకుపోయాయట, ఇక లేదట అని చెప్పాను. ఆయన ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపాడు. మందు సంగతి ఎత్తుకోబోతుంటే ఆయనే అన్నాడు.

"నాకు తెలుసు. కాఫీలో, మజ్జిగలో నువ్వు మందు పెడతాండేది. మొదటినాడే తెలిసింది. అంత చేదు తెలీకుండా పోతాదా."

మరి అడగలేదేం అన్నాను.

"అడిగితే నువ్వు చెప్పల్ల. చెప్తే నేను ఆ గదికి పోవల్ల. ఒగనాడు పోతి గూడ. బోర్డు కాడ మా మిల్లు హమాలీ కూచోనుండె, ఎనక్కి వచ్చేస్తి. అందుకే నువ్వు పోసింది పోసినట్ల తాగినా." మళ్ళీ ఆయనే అన్నాడు. "మందు వేడి చేస్తాది గదా. ఒంటికి బాగా పట్టల్లని మిల్లు కాడ దినామూ పాలు గూడ తాగుతాంటి."

ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన ముఖం చూశాను. తన వంతు తాను చేశానన్న ధైర్యం ఒక్కటే ఆ ముఖంలో మిగిలింది.

"మందు మంచిదే గదా?" అని అడిగాడు.

"మంచిదే," అన్నాను. "నా కాన్పు జ్వరంలోనే మూసుకపోయినాయంట. మీరు తాగినదాంట్లో ఏ లోపమూ లేదంట."

ఆయన అన్నాన్ని దగ్గరికి లాగి, మజ్జిగకు మధ్యలో గుంట చేసుకున్నాడు. పోశాను.