బల్ల గుద్ది చెప్పిన చేప

ఆ రోజుల్లో ఇంగ్లీషంటే నాకు భయం కన్నా పంతం ఎక్కువ. రేపల్లె నుంచి తెనాలి కాలేజీకి వెళ్లొచ్చే రైల్లో కొత్త మాటలు బట్టీపట్టి, ఇంటికొచ్చాక మా తమ్ముడి మీద ప్రయోగించేదాన్ని (వాడు ఇప్పటికీ నాతో ఆచితూచి మాట్లాడతాడు). కాలేజీలో ఎవరైనా "మీ అమ్మగారు ఏం చేస్తారు?" అని అడిగితే మాత్రం "బిజినెస్" అని ఒక్క ముక్కతో తప్పించుకునేదాన్ని. అమ్మ రేపల్లె మార్కెట్లో ఎండుచేపలు అమ్మేది.

డిగ్రీ రెండో ఏడు బాపట్లలో ఇంగ్లీషు పదాల పోటీ జరిగింది. మా మేడమ్ నన్నూ, మేమంతా కళ్లజోడు అని పిలిచే నా స్నేహితురాలినీ తీసుకెళ్లారు. చివరికి మూడు జట్లు సమానంగా మిగిలాయి. పోటీ నడిపే సారు ఆఖరి కార్డు తీసి, "రెడ్ హెర్రింగ్ అంటే ఏంటో రాయండి" అన్నారు. మొదటి జట్టు 'అసలు సంగతి నుంచి దృష్టి మళ్లించేది' అని రాసింది. రెండో జట్టు కామర్స్ కుర్రాళ్లు 'కొత్త షేర్లకి ధర ఖరారు కాకముందు కంపెనీ ఇచ్చే పత్రం' అన్నారు. మా కళ్లజోడు పెన్ను కింద పెట్టేసింది. హెర్రింగ్ ఏదో చేప అని మాత్రం నాకు తెలుసు. మరి ఎరుపెందుకు? ముసురు పట్టి ఎండ రానప్పుడు అమ్మ కవళ్లు అనే చిన్న చేపలకి ఉప్పు పట్టించి, పొయ్యి పైన వేలాడదీసి పొగబెట్టేది. అవి రాగి చెంబులా ఎర్రబడేవి. అంతే, 'ఉప్పేసి పొగబెట్టిన చేప' అని రాసేశాను.

హాలంతా గొల్లుమంది. సారు నవ్వాపుకుంటూ, "ఇది వంటల పోటీ కాదమ్మా!" అని మొదటి జట్టుకి మార్కులేశారు. నేను లేచి బల్ల గుద్దాను (మంచినీళ్ల గ్లాసు ఎగిరి మేడమ్ చీర మీద పడింది). "డిక్షనరీ తీయండి సార్!" అన్నాను.

జడ్జిగా వచ్చిన తెల్లజుట్టు మాస్టారు తీరిగ్గా పేజీలు తిప్పి, "మూడూ రైటేనయ్యా! కానీ ముందు పుట్టింది చేపే. మిగతావి దాని పేరు పెట్టుకున్నాయి" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఇది ఎక్కడ చదివావమ్మా?" అని అడిగారు.

మైకు దగ్గరికి లాక్కున్నాను.

"చదవలేదండి. మా అమ్మ ఎండుచేపలు అమ్ముద్దండి. పొగబెడితే ఎర్రబడటం ఇంట్లో చూశానండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మాస్టారు డిక్షనరీ మూసి, "పుస్తకం లేకుండానే అసలు అర్థం పట్టుకుంది. కప్పు ఈ పిల్లదే" అని తేల్చేశారు. (మిగతా వాళ్లకి అన్యాయమే జరిగిందని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడైతే అస్సలు అనిపించలేదు.)

రైలు దిగి కప్పుతో నేరుగా మార్కెట్‌కే వెళ్లాను. జరిగింది విని అమ్మ బుగ్గలు నొక్కుకుంది. "చేప గురించి చెబితే కప్పిచ్చారా? ఇంత తేలికని చెబితే నేనే వచ్చేదాన్ని కదే!" అంది. వారం రోజులు ఆ కప్పు చేపల బుట్టల మధ్యే ఉంది. కొనేవాళ్లందరికీ కథ చెప్పాకే అమ్మ తూకం వేసింది.

ఇప్పుడు నేను తెనాలిలో ఇంగ్లీషు లెక్చరర్ని. ఆ రోజు బల్ల గుద్దిన నేనే, స్టాఫ్ మీటింగులో ఒక్క మాట అనాలన్నా నాలుగుసార్లు గొంతు సవరించుకుని, చివరికి పక్కావిడ చేత చెప్పిస్తాను.