సూదంటే పడిపోయే తాళాల మావయ్య

సూది కనిపిస్తే చాలు, తాళాల మావయ్య దబ్బున పడిపోతాడు. తాళాలు బాగుచేసే ఆయన్ని వీధంతా మావయ్యా అనే పిలుస్తుంది. అంత భయమున్నవాడు ఇంటిపట్టున ఉండొచ్చు కదా! వీధిలో ఏ కుక్కకి టీకా వేయించాలన్నా కొట్టు మూసి మరీ బయల్దేరతాడు. పశువైద్యశాలలో మందు సిరంజిలోకి ఎక్కుతుండగానే "అమ్మో, సూదే!" అని కళ్లు తేలేస్తాడు. ఆయన కోసమని కాంపౌండరు బల్ల పక్కన ఒక చాప పరిచి ఉంచుతాడు.

వీధి ఊరుకుంటుందా? "మావయ్యా, దర్జీ కొట్టు ముందునుంచి పోకు, అక్కడా సూదులుంటాయి" అని ఒకరు. "కుక్క నిలబడింది, మనిషి పడ్డాడు. ఇంతకీ టీకా ఎవరికేశారు?" అని ఇంకొకరు. ఆయన తల వెనక బొప్పి తడుముకుంటూ నవ్వేస్తాడు. ఇంట్లో అత్తయ్యకే తల కొట్టేసినట్టుంటుంది.

కొత్తగా వచ్చిన డాక్టరమ్మకి ఈ తంతు నచ్చలేదు. "నేను వైద్యం చెయ్యాల్సింది కుక్కలకా, మీకా? బయట కూర్చోండి" అంది. ఆయన బుద్ధిగా వెళ్లి వరండాలో కూర్చున్నాడు.

సరిగ్గా ఆ రోజే ఇస్త్రీ అక్క తన కుక్క చంటోణ్ణి తెచ్చింది. పేరుకే చంటోడు, చూడ్డానికి దూడంత ఉంటాడు. పక్కవీధిలో ఒక పిచ్చికుక్క కనిపించిన కుక్కనల్లా కరుస్తోంది. వీడికేమో టీకా గడువు దాటిపోయింది.

"అది కరిచిందంటే వీడు నాకు దక్కడు డాక్టరమ్మా. ఎలాగైనా వేసెయ్యండి!"

చంటోడు ఒప్పుకోవద్దూ! సిరంజి చూడగానే బల్ల కింద దూరి పళ్లు చూపించాడు. మూతికి పట్టీ కడదామంటే పట్టీనే కొరికేశాడు. కాంపౌండరు చొక్కా చెయ్యి చిరిగిపోయింది. డాక్టరమ్మకి చెమటలు పట్టాయి. టీకా లేకుండా వీణ్ణి తిరిగి పంపడానికి ఆవిడకి మనసొప్పలేదు.

"ఆయన్ని పిలవమంటారా?" కాంపౌండరు నసిగాడు.

"ఎవర్నైనా పిలువు!"

మావయ్య వచ్చాడు. సిరంజి చూశాడు. "అమ్మో, సూదే!" అంటూ చాప మీద దబ్బున పడ్డాడు. ఇస్త్రీ అక్క నీళ్ల కోసం బయటికి పరిగెత్తింది. చంటోడు గుర్రుమనడం ఆపేశాడు. బల్ల కిందనుంచి గబగబా వచ్చి, మావయ్య గుండెల మీద కాలు వేసి, ముఖమంతా నాకడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ వాడి మెడ వెనక తోలు పట్టుకుని టీకా వేసేసింది. వాడు తిరిగి కూడా చూడలేదు.

చాప మీద ఒక కన్ను తెరుచుకుంది. "అయిందా అమ్మా?"

డాక్టరమ్మ నోరెళ్లబెట్టింది. "అంటే... మీకు సూదంటే భయం లేదా?"

"మెల్లగా అనండి. నాకేం కాలేదని తెలిస్తే వచ్చేసారి వీడు నన్నొదిలి మీ చేతివైపే చూస్తాడు."

"మరి వీధంతా మిమ్మల్ని చూసి నవ్వుతుంటే?"

"నవ్వనీండి. ఈ మూగ వెధవలు సూదికి వణకడం కంటే అదే నయం కదా."

కాంపౌండరు ఏమీ విననట్టు చొక్కా చిరుగు చూసుకుంటున్నాడు. డాక్టరమ్మకి ఆ మనిషి మీద ఒక్కసారిగా ఎంతో ఇష్టం కలిగింది. ఇంతలో అక్క చెంబుతో పరుగున వచ్చింది. మావయ్య కన్ను టక్కున మూసుకుపోయింది.

"ఇంకా తేరుకోలేదమ్మా, పాపం" అని డాక్టరమ్మ వరండాకంతా వినబడేలా అంది. "ముఖాన బాగా కొట్టండి నీళ్లు!"

మర్నాడు ఆవిడ ఇంటినుంచి ఒక దిండు తెచ్చి, ఆ చాపకి తలవైపున పెట్టింది.