డాష్‌బోర్డు మీద ఆరని దీపం

కారుకు పూజ చేయించిన రోజే డాష్‌బోర్డు మీద వినాయకుణ్ని అంటించి, వెనకాల చిన్న ఎల్‌ఈడీ దీపం పెట్టాను. బండి ఆపినా దేవుడి దీపం ఆరకూడదని మా ఆవిడ పట్టుబట్టింది. అందుకని స్టీరియోకి ఎప్పుడూ కరెంటు వచ్చే వైరును నేనే గీకి, దీపం వైరు దానికి మెలేసి, టేపు చుట్టి, ఎడమ సీటు ముందు మ్యాటు కింద దాచేశాను. ఇంజినీరునన్న పొగరు.

వారం తిరక్కుండానే స్పీకర్లలో గరగర మొదలైంది. గుంత వచ్చినప్పుడల్లా టప్పుమనేది. ఫోను తీసేశాను, ఛార్జరు పీకేశాను, స్టేషను మార్చాను. తగ్గలేదు. ఒక చలి ఉదయం కార్లో అనే ఊరి నుంచి లెపర్డ్స్‌టౌన్ వెళ్తూ, విసుగొచ్చి వాల్యూము సున్నాకి తిప్పాను. పాట ఆగింది, ఆ టప్పుటప్పు మాత్రం ఆగలేదు.

"ఆ డొక్కు స్పీకర్లు మార్పించకూడదూ?" అంది వెనక సీట్లోంచి మా ఆవిడ.

"నీ నస కంటే అవే నయం," అన్నాను.

ఎడమ సీట్లో మా అమ్మాయి బూట్లు విప్పి, మ్యాటు మీద హాయిగా కాళ్లు చాపుకుంది. "నాన్నా, ఇట్స్ గ్రాండ్ అండ్ వార్మ్ డౌన్ హియర్."

కింద వెచ్చగా ఉందన్న మాటకి నవ్వబోయి ఆగిపోయాను. నిద్రొస్తుందని ఆ పూట హీటరు వేయనే లేదు. వినాయకుడి వెనక దీపం, టప్పుమన్నప్పుడల్లా వణుకుతోంది.