తీర్థంతో గొంతులోకి జారిన గ్వాటెమాలా నాణెం

1998. బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. ఒక ఉదయం నాగాయలంక వైపు నుంచి నాలుగేళ్ల పాపను తీసుకొచ్చారు. చొంగ కారుతోంది, మంచినీళ్లు కూడా మింగడం లేదు. ఎక్స్‌రేలో గొంతు దిగువన గుండ్రటి బిళ్ల కనబడింది.

నాణెమైతే మత్తు డాక్టరుగారు గుడివాడ నుంచి వచ్చేదాకా ఆగవచ్చు. బటన్ బ్యాటరీ, అంటే కాలిక్యులేటర్లో వేసే బిళ్ల అయితే గంటల్లో అన్నవాహికను కాల్చేస్తుంది, వెంటనే విజయవాడ పంపాలి. మా ఫిల్ము మసకగా వచ్చింది. ఏదో తేలలేదు.

"నేను పొలంలో ఉన్నానండీ, అత్తయ్యకే తెలియాలి" అని తల్లి ఏడ్చింది. నాయనమ్మ తల అడ్డంగా ఊపింది. నాకు నోటి దురుసు ఎక్కువ.

"పసిదాన్ని కనిపెట్టుకుని ఉండటం కూడా చేతకాదా?" అని అందరి ముందూ దులిపేశాను. ఆవిడ ఇక నోరు విప్పితే ఒట్టు.

మా డ్యూటీ డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, "అరిస్తే చెబుతారా సిస్టర్?" అన్నారు. సిగ్గేసింది. పెద్దావిణ్ణి విడిగా కూర్చోబెట్టి చెయ్యి పట్టుకున్నాను.

"తప్పెవరిదని కాదు పిన్నిగారూ. బిళ్ల ఏదో తెలిస్తే పిల్లకి వైద్యం చేస్తాం."

"ఓడలో పనిచేసే మా మేనల్లుడు తెచ్చిచ్చిన బిళ్లమ్మా. దానిమీద రాతి స్తంభం, మొహం ఉన్నాయి. ఏ దేశపు దేవుడైనా దేవుడేగా అని వెండి గిన్నెలో పెట్టి రోజూ అభిషేకం చేస్తన్నా. చేతిలో పోస్తే పిల్ల తీర్థం ఒలకబోస్తుందని ఇవాళ గిన్నెతోనే నోట్లో ఒంపా. తర్వాత చూస్తే బిళ్ల లేదు. కోడలికి తెలిస్తే మళ్లీ పిల్లని నా దగ్గరికి రానిస్తుందా?" అని భోరుమంది.

నాణెమే! నేను డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తాను.

మధ్యాహ్నం ఈసోఫాగోస్కోపుతో, అంటే అన్నవాహికలోకి దింపే గొట్టంతో, దాన్ని తీశారు. గ్వాటెమాలా పది సెంటావోల నాణెం. ఆ స్తంభం మాయా ప్రజలు చెక్కిందని తర్వాత తెలిసింది. అందులో ఉన్నది దేవుడో రాజో నాకిప్పటికీ తెలియదు. సాయంత్రానికి పాప గుటకేసి నీళ్లు తాగింది. నా ప్రాణం లేచొచ్చింది.

నాయనమ్మ తనే జరిగింది చెప్పేసింది. కోడలు కళ్లు తుడుచుకుని, "రేపట్నుంచి చేతిలోనే పొయ్యండి అత్తయ్యా, ఒలికితే ఒలికింది" అంది.

అప్పటినుంచి ముందు మనిషి భయం తీర్చి, తర్వాతే ప్రశ్న వేస్తున్నాను. ఆ రోజు నా నోటివల్ల అరగంట పోయింది. అది బ్యాటరీ అయ్యుంటే ఆ తల్లికి నేనేం చెప్పేదాన్ని?